డ్యూటీ చార్టులోనే ఉంది అసలు జబ్బు

నర్సులు అలసిపోతున్నారని ఏ దవాఖాన పెద్దలకైనా అనుమానం వస్తే మొదట తట్టేది యోగా క్లాసు. లేదంటే ఒత్తిడిని జయించడం ఎలా అని గంటన్నర ఉపన్యాసం. మే 12న నర్సుల దినోత్సవం కాబట్టి కేకు కోస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, సీనియర్లకు శాలువా కప్పుతారు. మధ్యాహ్నం డ్యూటీ ఉన్నవాళ్లు ఫొటో కాగానే వార్డుకు పరిగెత్తుతారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయితే ఈ తతంగమంతా ఒక నమ్మకం మీద నడుస్తోంది. అలసట నర్సు మనసులో పుడుతుంది, కాబట్టి మందు కూడా ఆ మనసుకే వేయాలన్నది ఆ నమ్మకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అలా అనుకోలేదు. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ఈ అలసటకు, అంటే బర్నౌట్‌కు క్యూడీ85 అనే కోడ్ ఉంది. కానీ దాన్ని జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగానికి సంబంధించిన సమస్యల కింద చేర్చారు. పనిచేసే చోట ఎడతెగకుండా ఉండే ఒత్తిడిని సరిచేయకపోతే వచ్చే స్థితి అని దాని నిర్వచనం. గుర్తులు మూడు. ఒంట్లో సత్తువ అడుగంటడం, పని మీద విరక్తి పెరిగి మనసు దూరం జరగడం, ఎంత చేసినా ఏమీ చేయనట్టే అనిపించడం. వార్డులో నిలబడి చూస్తే మూడూ తెలిసిపోతాయి. వారాంతపు సెలవు నాడు కూడా మంచం దిగబుద్ధి కాదు. రోగి పేరు మరుగున పడి ‘పన్నెండో బెడ్’ మిగులుతుంది. డ్యూటీ దిగేటప్పుడు ఏం చేశామన్నది కాకుండా ఏమేం మిగిలిపోయాయన్నదే గుర్తుంటుంది.

నల్లగొండ నుంచి గద్వాల దాకా దక్షిణ తెలంగాణ ఆసుపత్రుల్లో ఈ స్థితికి కారణాలు వెతకాలంటే నర్సుల మనస్తత్వం కన్నా ముందు వార్డు గోడకు అంటించిన డ్యూటీ చార్టు చదవాలి.

ఖాళీ లేకుండానే కొరత

ముప్పై పడకల వార్డు ఒకటి తీసుకుందాం. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి కాని చోట ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలి, బోధనాసుపత్రిలో మూడింటికి ఒకరు. వినడానికి బాగానే ఉంటుంది. మామూలు మనిషి దీన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? ఎప్పుడు వెళ్లినా ప్రతి ఐదుగురు రోగులకు ఒక నర్సు కనబడుతుందని. కాదు. ఇది మూడు షిఫ్టులకూ కలిపి రోల్స్‌లో ఉండాల్సిన మనుషుల లెక్క. బోధనాసుపత్రి ప్రమాణం పక్కన కౌన్సిలే ఆ సంగతి రాసింది: ముగ్గురికి ఒకరు, లేదా షిఫ్టుకు తొమ్మిది మందికి ఒకరు. ఐసీయూలో ఒకరికి ఒకరు అన్నది కూడా అంతే, షిఫ్టులోకి వచ్చేసరికి ముగ్గురికి ఒకరు.

మన వార్డుకు ఐదింటికి ఒకరు చొప్పున ఆరుగురు నర్సులు రావాలి. సెలవుల కోసం కౌన్సిల్ చెప్పిన 30 శాతం అదనం కలిపితే ఎనిమిది మంది. షిఫ్టుకు ఇద్దరు, ఒక్కొక్కరి చేతిలో పదిహేను మంది రోగులు. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, ఆ తర్వాత తెల్లవారి 8 దాకా నైట్. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిచే పద్ధతి ఇదే. ఏ వేళ చూసినా ఇద్దరు ఉండాలంటే రోజుకు 48 పనిగంటలు, వారానికి 336. ఎనిమిది మందికి పంచితే తలకు 42 గంటలు. ఇంతవరకు ఇబ్బంది లేదు.

వాళ్లలో ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్లారనుకుందాం. ఏడుగురు మిగిలారు, వారానికి 48 గంటలు. ఒకరిని మరో ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపారు. ఆరుగురు, 56 గంటలు. ఇక ఎవరికైనా జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, పిల్లవాడిని దవాఖానలో చేర్చినా ఆ గంటలు మిగతా ఐదుగురి నెత్తిన పడతాయి. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఇక్కడిదాకా ఒక్క పోస్టు కూడా ఖాళీ లేదు. జిల్లా సమీక్ష సమావేశంలో ఈ వార్డు గురించి అడిగితే మంజూరైనవి ఎనిమిది, భర్తీ అయినవి ఎనిమిది, ఖాళీలు సున్నా అని జవాబు వస్తుంది. ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. వార్డులో నిలబడి ఉన్నది మాత్రం ఇద్దరు, లేదా ఒక్కరు.

పోస్టులు నింపితే చాలు, సమస్య తీరుతుందని అనుకునేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరు. తెలంగాణలో నియామకాలు జరగలేదని అనలేం. 2022 డిసెంబర్‌లో వచ్చిన నోటిఫికేషన్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులు ఉండగా తర్వాత వాటి సంఖ్య పెంచారు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లకు దొరికిన ఊరట. అయితే ఇలా ఒక్కసారే చేరినవాళ్లలో ఎక్కువమంది ఒకే ఈడు ఆడపిల్లలు. పెళ్లిళ్లు, కాన్పులు దగ్గరదగ్గరగా వస్తాయి. ప్రసూతి సెలవులూ గుంపుగానే వస్తాయి. సెలవు వాళ్ల హక్కు. ఆ ఆరు నెలలు వార్డు ఎలా నడవాలన్నది ప్రభుత్వం ముందే ఆలోచించాల్సిన విషయం. ఆలోచించకపోతే ఏం జరుగుతుందో తెలిసిందే. సెలవు పెట్టిన అమ్మాయి మీద తోటి నర్సులే గొణుక్కుంటారు. గర్భం దాల్చిన సంగతి చెప్పడానికి ఆ అమ్మాయే భయపడుతుంది. కొరత మెల్లగా నర్సుల మధ్య తగవుగా మారుతుంది.

ఒక్కో రోగి అదనంగా చేరితే ఏమవుతుందో కొలిచిన అధ్యయనం ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించింది. నర్సు చేతికింద ఒక రోగి పెరిగితే ఆ నర్సు బర్నౌట్‌కు గురయ్యే అవకాశం 23 శాతం, ఆపరేషన్ చేయించుకున్న రోగి ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగాయి. వాళ్లు పోల్చింది నలుగురికి ఒక నర్సు ఉన్న చోటును, ఎనిమిది మందికి ఒకరున్న చోటుతో. మన లెక్క పదిహేను దగ్గర మొదలవుతుంది. కాలిఫోర్నియా 1999లోనే దీనికి చట్టం చేసి 2004 నుంచి అమల్లో పెట్టింది. అక్కడ సాధారణ వార్డులో ఐదుగురికి ఒక నర్సు అంటే షిఫ్టులో నిజంగా ఐదుగురికి ఒకరే.

కాలేజీ వచ్చింది, పడకలు పెరిగాయి

2016కు ముందు పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ మెడికల్ కాలేజీ లేదు. ఆ ఏడు మహబూబ్‌నగర్‌కు వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి. మొత్తం ఎనిమిది. బీబీనగర్ ఎయిమ్స్ వీటికి అదనం. వలసల జిల్లా అని పేరుపడ్డ పాలమూరులో ఇన్ని కాలేజీలు రావడం మామూలు మార్పు కాదు. గుండెనొప్పి వస్తే హైదరాబాద్ దాకా ప్రాణం నిలుస్తుందో లేదో అని భయపడ్డ కుటుంబాలకు ఆ విలువ తెలుసు.

కాలేజీకి అనుమతి రావాలంటే పడకలు చూపించాలి. 2023 నిబంధనల ప్రకారం వంద సీట్లకు 420 పడకలు. దాంతో జిల్లా ఆసుపత్రి జనరల్ ఆసుపత్రి అవుతుంది, కొత్త విభాగాలు తెరుచుకుంటాయి. స్పెషలిస్టు వచ్చాడని తెలియగానే చుట్టుపక్కల మండలాల నుంచి రోగులు వస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లు ప్రొఫెసర్ల హాజరు గీసిగీసి చూస్తారు. నర్సుల చార్టు మీద అంత చూపు పడదు.

ఇంకో సంగతి బయటివాళ్లకు అంతగా తట్టదు. ఉస్మానియా, గాంధీ లాంటి పాత బోధనాసుపత్రుల్లో రాత్రిపూట వార్డును మోసేది శిక్షణలో ఉన్న డాక్టర్లు, అంటే హౌస్‌సర్జన్లు, పీజీలు. కొత్త కాలేజీలో మొదటి బ్యాచ్ నాలుగున్నరేళ్ల చదువు ముగించేదాకా హౌస్‌సర్జనే ఉండడు. 2022లో మొదలైన చోట 2027 దాకా ఆగాలి. అప్పటిదాకా పేరుకు బోధనాసుపత్రి, రాత్రి రెండు గంటలకు రోగికి ఆయాసం వస్తే మొదట అందే చెయ్యి నర్సుది. డ్యూటీ డాక్టర్ క్యాజువాలిటీలో మరో కేసు మీద ఉంటాడు. ఆయన వచ్చేలోగా ఆక్సిజన్ పెట్టాలా, మంచం తల వైపు ఎత్తాలా, గొంతులోని కఫాన్ని సక్షన్‌తో లాగాలా అన్నది నర్సే తేల్చుకోవాలి. సరిగ్గా జరిగితే డాక్టర్ బతికించాడు. తేడా వస్తే సిస్టర్ చూడలేదు.

ప్రసూతి వార్డుల కథ వేరు. 2017లో కేసీఆర్ కిట్ మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు ఇచ్చారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే కాన్పులు నాలుగో సర్వేలో 30.5 శాతం, ఐదో సర్వేలో 49.7 శాతం. పేదింటి ఆడవాళ్లు ప్రైవేటు బిల్లుల నుంచి తప్పించుకున్నారు, మంచిదే. అదే ఐదో సర్వేలో మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు 60.7 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే చూసినా 44.5. మామూలు కాన్పు అయిన తల్లి మర్నాటికే లేచి నడుస్తుంది. సిజేరియన్ తల్లికి కుట్లు, డ్రిప్పు, క్యాథెటర్, నొప్పి ఇంజెక్షన్లు, లేపి కూర్చోబెట్టి పాలు పట్టించడం. పైగా పక్కనున్న బిడ్డ కూడా ఒక రోగే, కానీ పడకల లెక్కలో బిడ్డకు చోటు లేదు.

లెక్కకు అందని రోగి

పడక ఒకటే అయినా రోగులందరూ ఒకటి కాదు. ఈ ప్రాంతపు దవాఖానలకు రాత్రిళ్లు వచ్చే కేసులు చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

పత్తి, వరి పండే పల్లెల నుంచి పురుగుల మందు తాగినవాళ్లు వస్తారు. వాటిలో ఒక రకమైన ఆర్గనోఫాస్ఫేట్ విషమైతే అట్రోపిన్ ఇవ్వాలి. ఇచ్చి చేతులు దులుపుకునే మందు కాదది. ఐదు నిమిషాలకొకసారి ఊపిరితిత్తుల్లో చెమ్మ తగ్గిందా, నాడి ఎంత ఉంది, ఒంటి చెమట ఆరిందా అని చూస్తూ మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, జ్వరం వస్తుంది, సెలైన్ పైపులు పీకేసుకుంటాడు. తక్కువైతే నురగ కక్కుతాడు. ఆ గండం గడిచినా ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఊపిరి కండరాలు ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న నర్సులు రౌండ్‌కు వచ్చినప్పుడల్లా ‘తల దిండు మీద నుంచి ఎత్తు’ అని అడుగుతారు. మెడ ఎత్తలేకపోతున్నాడంటే వెంటిలేటర్ సిద్ధం చేయాలి. ఇలాంటి రోగి ఒక్కడుంటే ఒక నర్సు అతని పక్కనే ఉండిపోవాలి. మిగిలిన పద్నాలుగు మంది?

వానాకాలం మొదలైతే పాముకాట్లు. రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా లేదా చూడటం, విషం విరుగుడు ఎక్కిస్తున్నంతసేపూ ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం కనిపెట్టుకుని ఉండటం, ఆరు గంటలకు మళ్లీ పరీక్ష. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా, బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల నుంచి అలంపూర్ దాకా జరిగే ప్రమాదాల కేసులు రాత్రిపూట కూడా వస్తాయి. ఒక్కోసారి బస్సుకు బస్సే వస్తుంది.

లేబర్ రూంలో కాన్పు సాగే తీరును నమోదు చేసే పార్టోగ్రాఫ్ రాయాలంటే ప్రతి అరగంటకు బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, నొప్పుల లెక్క, నాలుగు గంటలకు బీపీ. కాన్పయ్యాక మొదటి రెండు గంటలు పదిహేను నిమిషాలకొకసారి రక్తస్రావం చూడాలి, రక్తస్రావంతో తల్లి ప్రాణానికి ముప్పు ఎక్కువగా ఉండే వేళ అది. నలుగురు నొప్పుల మీద, ఇద్దరు అప్పుడే కాన్పయినవాళ్లు ఉన్న గదిలో ఒకే నర్సు ఉంటే ఈ పనులన్నీ పద్ధతి ప్రకారం చేయడానికి గంటలో నిమిషాలు చాలవు. అప్పుడు ఏం జరుగుతుంది? పార్టోగ్రాఫ్ కాన్పయ్యాక కూర్చుని నింపుతారు. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నర్సు మాత్రం తను రాసింది నిజం కాదని తెలిసి సంతకం పెడుతుంది. చేయాల్సింది తెలిసి కూడా సంస్థ తీరు వల్ల చేయలేకపోవడాన్ని తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే నర్సుల సందర్భంలో నైతిక క్షోభగా గుర్తించాడు. పనిభారం కన్నా ఇది లోతుగా కోస్తుంది. రాత్రంతా చాకిరీ చేసినా నిద్రపోతే తీరే అలసట వేరు, తప్పు రాశానన్న ఊహతో ఇంటికి వెళ్లడం వేరు.

రోగి పక్కన కాదు, రిజిస్టర్ పక్కన

షిఫ్టులో ఎంతసేపు రోగి దగ్గర గడిచిందని నర్సులను అడిగితే చాలామంది నవ్వేస్తారు. అడ్మిషన్ రిజిస్టర్, డిశ్చార్జి రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్, మందులు అడిగే ఇండెంట్ పుస్తకం, డైట్ షీటు, ఆక్సిజన్ సిలిండర్ల లెక్క, దుప్పట్లు, బట్టల (లినెన్) లెక్క, బయోమెడికల్ వ్యర్థాల రిజిస్టర్, తర్వాతి షిఫ్టుకు డ్యూటీ అప్పగించే ఓవర్ పుస్తకం. వీటికి తోడు ఇప్పుడు ఆన్‌లైన్ నమోదులు. కంప్యూటర్ వచ్చాక కాగితం పోతుందనుకున్నారు. కాగితం పోలేదు, అదే సమాచారం రెండు చోట్ల రాయాల్సి వచ్చింది. సర్వర్ నెమ్మదిస్తే డ్యూటీ అయ్యాక కూర్చుని ఎక్కించాలి. దీంట్లో సగం పనికి నర్సింగ్ చదువే అక్కర్లేదు. ఇంటర్ చదివిన వార్డు క్లర్కు చేయగలడు. కానీ క్లర్కు పోస్టు అడగడం కన్నా నర్సుకు ఇంకో రిజిస్టర్ ఇవ్వడం తేలిక.

పేషెంట్ కేర్ సిబ్బంది తక్కువైతే స్ట్రెచర్ తోయడం, లినెన్ కోసం తిరగడం, ల్యాబ్‌కు రక్తం పంపడానికి మనిషిని వెతకడం కూడా నర్సుకే. పైనున్నవాళ్ల పని, కిందివాళ్ల పని రెండూ వచ్చి మధ్యలో నర్సు మీద పడుతుంటాయి.

దీంతో ముడిపడిందే ఇంకొకటి. బాధ్యత నర్సుది, అధికారం మరొకరిది. స్టోర్‌లో యాంటీబయాటిక్ లేకపోతే బయట నుంచి తెచ్చుకోమని చీటీ ఇచ్చేది డాక్టరే అయినా, రోగి బంధువు ముఖం చూసి ఆ మాట చెప్పాల్సింది నర్సు. స్కానింగ్ రేపటికి వాయిదా పడిందని చెప్పేది, ఐసీయూలో మంచం ఖాళీ లేదని చెప్పేది, శవం ఇవ్వడానికి పోలీసు కాగితాలు రావాలని చెప్పేది కూడా నర్సే. ఇవేవీ ఆమె నిర్ణయాలు కావు. ‘సిస్టరమ్మా, జర సూడు బిడ్డా’ అని చేతులు పట్టుకున్న పెద్దాయన కొడుకే గంట తర్వాత గొంతు పెంచుతాడు. ఆ కోపాన్ని తప్పుపట్టడం కూడా కష్టమే. దేవరకొండ అవతలి తండా నుంచో, అమ్రాబాద్ అడవి అంచు చెంచు పెంట నుంచో కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఎదురుగా కనిపించే సర్కారు తెల్లకోటు నర్సే.

దాడులను ఆపడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2008లో చట్టం వచ్చింది, తెలంగాణలోనూ అది ఉంది. మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. చట్టం కాగితం మీద గట్టిదే. పోలీసు స్టేషన్ దాకా వెళ్లిన నర్సుకు మాత్రం ఎదురయ్యేది వేరు. ‘పాపం, పోయిన మనిషి ఇంటోళ్లు, పోనీయమ్మా’ అంటారు. స్థానిక నాయకుడు రాజీకి వస్తాడు. సాక్ష్యం చెప్పడానికి డ్యూటీ మానుకుని కోర్టుకు తిరగాలి. ఆమె వెనక ఆసుపత్రి తన పేరుతో ఫిర్యాదు ఇచ్చి నిలబడిందా లేదా అన్నదే అసలు తేడా. నిలబడని చోట నర్సులు ఒక పాఠం నేర్చుకుంటారు: బంధువుల కళ్లలోకి చూడకుండా మాట్లాడటం. దాన్నే మనం నర్సులకు జాలి లేదని అంటున్నాం.

పగలు బస్సులో, రాత్రి వార్డులో

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరం. పిల్లల చదువుల కోసమో, భర్త ఉద్యోగం వల్లనో కుటుంబం హైదరాబాద్‌లో ఉండి, రోజూ రానూపోనూ తిరిగే నర్సులు తక్కువేం కాదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఉద్యోగాల పంపకం కోసం రాష్ట్రం ఏడు జోన్లయింది. నల్లగొండ, సూర్యాపేట యాదాద్రి జోన్‌లో పడ్డాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్‌లో. 2021 డిసెంబర్‌లో వచ్చిన జీవో 317 కింద ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం పంచినప్పుడు భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో పడిన కుటుంబాలు ఎన్నో. మిగతా ఉద్యోగులకు దూరం అంటే ఆలస్యం, అలసట. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. నైట్ డ్యూటీ ఎనిమిదికి అయిపోతుందని చార్టు అంటుంది. ఓవర్ ఇచ్చి, మందులు లెక్క చూసి, రాసి, బస్టాండ్‌కు చేరి ఇల్లు పట్టేసరికి పదకొండు. వంట, పిల్లలు, అత్తమామలు అయ్యాక నిద్రకు మిగిలేది ఎండ మండే రెండు మూడు గంటలు.

షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య కనీసం పన్నెండు గంటల విరామం ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల గురించి చేసిన సిఫారసులో ఉంది. రాత్రి పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో బహుశా క్యాన్సర్ కారకమని చెప్పి, 2019లో అదే మాట మళ్లీ చెప్పింది. ఇక్కడ మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన నర్సును, నైట్‌కు రావాల్సిన మనిషి రాలేదని ఆపేస్తే పద్దెనిమిది గంటలు. డ్యూటీ అప్పగించకుండా వెళ్లడం నేరంతో సమానం కాబట్టి ఆమె వెళ్లదు. చార్టు వారం ముందు కాకుండా ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో రావడం, పెట్టిన సెలవును చివరి నిమిషంలో రద్దు చేయడం, ఫలానా ఆమెకు ఎప్పుడూ ఓపీ డ్యూటీ, ఫలానా ఆమెకు ఎప్పుడూ నైట్లు అనే గుసగుస. ఇవి డబ్బుతో సంబంధం లేని బాధలు. మానసిక శాస్త్రవేత్తలు క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ 1997లో బర్నౌట్‌కు దారితీసే ఆరు చోట్లను చూపినప్పుడు పనిభారాన్ని ఒక్కదాన్నే చెప్పలేదు. తన పని మీద తనకు పట్టు లేకపోవడం, న్యాయం జరగడం లేదన్న భావన కూడా అందులో ఉన్నాయి. చార్టు వేసే హెడ్ నర్సు చెడ్డదని కాదు. ఆరుగురితో ఎనిమిది మంది పని నడిపించమంటే ఏ చార్టైనా ఎవరికో అన్యాయమే చేస్తుంది.

ఒకే వార్డులో రెగ్యులర్, కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ నర్సులు పక్కపక్కన పనిచేస్తారు. పని ఒకటే, జీతాలు, సెలవులు వేరు. కొవిడ్ కాలంలో అవుట్‌సోర్సింగ్ మీద తీసుకున్న పదహారు వందలకు పైగా నర్సులను 2021 జులైలో ఇంటికి పంపినప్పుడు వాళ్లు హైదరాబాద్ రోడ్ల మీదికి రావాల్సి వచ్చింది. అంతకుముందు ఏడాదే వాళ్ల మీద పూలు చల్లాం. పదవి పేరు స్టాఫ్ నర్సు నుంచి నర్సింగ్ ఆఫీసర్‌గా మారింది. గౌరవంగానే ఉంది. పేరు మారితే రిజిస్టర్లు తగ్గవు.

ప్రైవేటు నర్సింగ్ హోంల గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో నర్సింగ్ హోంలు చాలావరకు 50 పడకల లోపువే. సిఫారసుకు చట్టం బలం లేదు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసిపెట్టుకునే అలవాటు ఉన్న చోట నర్సు రాజీనామా కూడా స్వేచ్ఛగా ఇవ్వలేదు. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం చదివిన ఒక్క అమ్మాయి పక్కన ఏ శిక్షణా లేని ముగ్గురిని పెట్టి నడిపే చోట, ఆ ముగ్గురి తప్పులకూ ఆ ఒక్క అమ్మాయే సంతకం.

ఇవన్నీ చూసిన యువ నర్సులు ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే విదేశీ ఉద్యోగాలకు శిక్షణ ఇస్తోంది. జీతం ఒక కారణం, నిజమే. జర్మనీ ఉద్యోగ ఒప్పందంలో వారానికి 38 నుంచి 40 గంటలని రాసి ఉండటం, దాటితే దానికి లెక్క ఉండటం కూడా చిన్న ఆకర్షణ కాదు.

ఏం చేయాలన్నది అంత చిక్కు ప్రశ్నేమీ కాదు. కొన్నింటికి పైసా ఖర్చు లేదు. చార్టు నెల ముందు గోడకు అంటించాలి, నైట్లు వరుస ప్రకారం తిరగాలి, నైట్ల తర్వాత వచ్చే ఆఫ్‌ను ముట్టుకోకూడదు. దాడి జరిగితే ఫిర్యాదు సూపరింటెండెంట్ సంతకంతో వెళ్లాలి. కొన్నింటికి కొద్దిపాటి ఖర్చు. వార్డుకు ఒక క్లర్కు, యాభై లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ ఎలాగూ తప్పనిసరి చేసిన క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది), దూరం నుంచి వచ్చేవాళ్లకు తాళం వేసుకోగల విశ్రాంతి గది. అసలు ఖర్చు సెలవు రిజర్వుది. ఆ 30 శాతాన్ని మంజూరు పోస్టుల్లో కలిపేసి మరిచిపోకుండా, జిల్లా స్థాయిలో విడిగా ఒక బృందంగా ఉంచి, ప్రసూతి సెలవు మంజూరైన రోజే ఆ వార్డుకు మనిషిని పంపాలి. సమీక్ష సమావేశాల్లో ఖాళీల పట్టికతో పాటు, నిన్న రాత్రి షిఫ్టులో ఏ వార్డులో ఎందరు రోగులకు ఎందరు నర్సులు ఉన్నారన్న ఒక్క వరుస అదనంగా అడిగితే, పంపారో లేదో మర్నాడే తెలుస్తుంది.